అపరిచితుల ప్రశ్నలకు జవాబు చెప్పడం

పేరు తెలియని, ముఖం చూడని మనిషి అడిగిన సందేహానికి పైసా ఆశించకుండా జవాబు రాసిపెట్టడం అంతర్జాలంలో నిత్యం కనిపించే ప్రవర్తన. కంప్యూటర్ ప్రోగ్రాములో దొర్లిన తప్పు, వరి ఆకు మీద కనిపించిన మచ్చ, అమెరికా వీసా ఇంటర్వ్యూకు తీసుకెళ్లవలసిన కాగితాలు, పాత పద్యంలో కొరుకుడుపడని మాట, ఇలా ఏది అడిగినా ఎక్కడో ఒకరు పూనుకుని చెబుతారు. చెప్పినవారికి దక్కేది చాలాసార్లు ఒక కృతజ్ఞతా వాక్యం, ఒక్కోసారి అదీ ఉండదు. అయినా చెప్పడం మానరు. ఆర్థిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రం మూడూ ఈ ప్రవృత్తిని పరిశీలించాయి. తెలుగువారి విషయానికొస్తే దీని వేళ్లు కంప్యూటరు కన్నా చాలా వెనక్కి, అవధాన సభల దాకా, వారపత్రికల ప్రశ్నల శీర్షికల దాకా వెళ్తాయి.

పూర్వరంగం

అపరిచితుల ప్రశ్నలకు జవాబులివ్వడమే పనిగా పెట్టుకున్న తొలి పత్రికగా లండన్ పుస్తక వ్యాపారి జాన్ డంటన్ 1691లో ప్రారంభించిన 'అథీనియన్ మెర్క్యురీ'ని చెబుతారు. పాఠకులు కాఫీ హోటలు చిరునామాకు ప్రశ్నలు పంపేవారు. పెద్ద పండిత మండలి జవాబులిస్తున్నదని పత్రిక చెప్పుకున్నా, వెనక ఉన్నవారు డంటన్, ఆయన సన్నిహితులు కొద్దిమందే. ప్రేమ, మతం, ప్రకృతి శాస్త్రం కలగలిసిన ఆ ప్రశ్నల్లో అడిగినవారి పేర్లు ఉండేవి కావు. పేరు చెప్పనక్కర్లేదన్న భరోసా దొరికితే మనిషి తన అసలు సందేహం అడుగుతాడని ఆ పత్రిక 17వ శతాబ్దంలోనే గ్రహించింది.

తెలుగులో ఈ ప్రక్రియకు అత్యంత దీర్ఘకాలం అంకితమైన రచయిత్రి మాలతీ చందూర్. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఆమె, 1950ల ప్రారంభం నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక నిర్వహించారు. వంట, పెంపకం, ఆరోగ్యం, విదేశాల విశేషాలు, అత్తింటి సమస్యలు, చదువులు అన్నీ అందులోకి వచ్చేవి. పల్లెలో ఉన్న గృహిణికి గ్రంథాలయం అందుబాటులో లేని కాలమది. పోస్టుకార్డు మీద రాసిన ఒక్క ప్రశ్న ఆమెకు గ్రంథాలయానికి తలుపు అయ్యేది. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న రచయిత్రిని, నవలలు చదవని ఇళ్లలో సైతం ఆ శీర్షిక ద్వారానే ఎరుగుదురు. ఆమె 2013లో చెన్నైలో కన్నుమూశారు. తరువాతి కాలంలో విజయవాడ నుంచి వెలువడే స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం లైంగిక ఆరోగ్యం మీద పాఠకుల ప్రశ్నలకు ఏళ్ల తరబడి జవాబులిచ్చారు. కుటుంబ వైద్యుడి దగ్గర నోరు విప్పలేని విషయాలు ఆ ఉత్తరాల్లో బయటికి వచ్చాయి. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం రైతుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులనూ ఈ వరుసలోనే చేర్చాలి.

ఈ శీర్షికలన్నిటిలో అడిగేవారు వేలమంది, చెప్పేవారు ఒక్కరు. ఆ ఒక్కరికి పేరూ పారితోషికమూ ఉండేవి. జవాబు తెలిసిన పాఠకులు ఊరూరా ఉన్నా, తమకు తెలిసింది చెప్పే దారి వారికి ఉండేది కాదు. అంతర్జాలం తెచ్చిన పెద్ద మార్పు ఇక్కడ ఉంది. ప్రశ్న అడగడాన్ని అది సులువు చేసింది నిజమే కాని, అంతకన్నా ముఖ్యంగా జవాబు చెప్పే హక్కును అందరికీ పంచింది.

జవాబు చెప్పడం ఒక విద్య

సభలో ఎవరో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడాన్ని ఒక కళగా పెంచిన సంప్రదాయం తెలుగువారిది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, అప్రస్తుత ప్రసంగం వంటి అంశాలతో అవధానిని పరీక్షిస్తారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంటగా తిరుపతి వేంకట కవులన్న పేరుతో ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యను సామాన్య ప్రేక్షకుడి దగ్గరకు తెచ్చారు. అవధానిలో కనిపించే ఉత్సాహమే నేటి చర్చావేదికలో జవాబిచ్చేవాడిలోనూ కనిపిస్తుంది. ప్రశ్న ఎటునుంచి వస్తుందో ముందు తెలియదు, దానికి అక్కడికక్కడే తిరుగులేని జవాబు కట్టాలి, నలుగురూ చూస్తుంటారు. ప్రశ్న ఎంత చిక్కుగా ఉంటే చెప్పేవాడికి అంత హుషారు. శంకరాభరణం వంటి అంతర్జాల వేదికలో రోజూ ఒక సమస్య ఇస్తే, ఒకరినొకరు ఎన్నడూ చూడని పద్యకవులు పూరణలు పంపుతుంటారు. అవధాన సభలో పృచ్ఛకుడి స్థానం అలా అంతర్జాలానికి చేరింది.

తెలిసిన జవాబు లోపల ఆగదని చెప్పే కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. తెనాలిలో పుట్టిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో ప్రారంభించిన చందమామలో ఏళ్ల తరబడి వచ్చిన బేతాళ కథలు ఆ మాసపత్రికకు గుర్తు. వాటికి ఆ రూపాన్నిచ్చిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలివారే. ప్రతి కథ చివరా బేతాళుడు ఒక ప్రశ్న వేస్తాడు. నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుందని తెలిసీ విక్రమార్కుడు జవాబు చెబుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న షరతు ఉన్నమాట నిజమే. అయినా పాఠకుడికి గుర్తుండేది ఆ షరతు కాదు, ధర్మసూక్ష్మాన్ని విప్పి చెబుతున్నప్పుడు రాజు గొంతులో వినిపించే నిశ్చయం.

అంతర్జాలంలో

అమెరికాలో 1980లో మొదలైన యూజ్‌నెట్ చర్చా సమూహాలు ఈ ప్రవర్తనకు తొలినాటి వేదికలు. 1990ల ప్రథమార్ధంలో అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు తెలుగు సంస్కృతి మీద ప్రత్యేక సమూహం ఏర్పరచుకున్నారు. తెలుగు లిపి తెర మీద కనిపించని రోజులవి. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. ఒకరు సినిమా పాట రాగం అడిగితే, ఇంకొకరు పోతన పద్యంలో మాటకు అర్థం అడిగేవారు. చెప్పేవారిలో అత్యధికులు ఇంజనీర్లు, శాస్త్ర విద్యార్థులు. ఇంట్లో తాతగారి దగ్గర నేర్చుకున్న పద్యాలకు అమెరికా ప్రయోగశాలలో అవసరం లేదు. ఎవరో అడిగిన ప్రశ్నతో ఆ జ్ఞానానికి మళ్లీ పని దొరికింది. తరువాత వచ్చిన రచ్చబండ చర్చా సమూహం, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ అలవాటును కొనసాగించాయి. వికీపీడియా తన చర్చల పేజీకి రచ్చబండ అనే పేరు పెట్టుకుంది. కొత్తవారి సందేహాల కోసం అక్కడ సహాయ కేంద్రం ఉంది. సందేహాలు తీర్చేవారంతా స్వచ్ఛంద సభ్యులే.

ప్రపంచ స్థాయిలో దక్షిణ కొరియా సంస్థ నేవర్ 2002లో ప్రారంభించిన ప్రశ్నల సేవ అక్కడ వెతుకులాట తీరునే మార్చింది. యాహూ ఆన్సర్స్ 2005 నుంచి 2021 మే వరకు నడిచింది. ప్రోగ్రామర్ల కోసం 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో, అన్ని విషయాలకూ కలిపి 2009లో కోరా మొదలయ్యాయి. కోరా తరువాత తెలుగులోకీ వచ్చింది.

ఆనందానికి కారణాలు

మొదటి కారణం చిన్నదిగా కనిపిస్తుంది కాని, మిగతా కారణాలకు ద్వారం అదే. జవాబు తెలిసినవాడికి చెప్పడం పెద్ద ఖర్చు కాదు. పరిశోధకులు కరీం లఖానీ, ఎరిక్ వాన్ హిప్పెల్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో అపాచీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుకదారులు పరస్పరం ఇచ్చుకునే సాయాన్ని పరిశీలించారు. సాయం చేసేవారు వెచ్చించే సమయంలో దాదాపు అంతా ఇతరుల ప్రశ్నలూ జవాబులూ చదవడానికే పోతోందని, దానివల్ల వారే నేర్చుకుంటున్నారని తేలింది. జవాబు రాయడానికి పట్టేది కొద్ది నిమిషాలు. చదువుతూ పోతుంటే తనకు ముందే తెలిసిన ప్రశ్న తగులుతుంది, ఆగి రెండు ముక్కలు రాస్తాడు. త్యాగం అనదగ్గ భారం అందులో లేదు. ఈ అధ్యయనం చెప్పిన విషయానికి తగినంత ప్రాచుర్యం రాలేదు. స్వచ్ఛంద సేవ అనగానే జనం త్యాగాన్నే ఊహించుకుంటారు.

అయితే ఖర్చు తక్కువన్నంత మాత్రాన ఆనందం ఎందుకు కలగాలి? మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డేసీ, రిచర్డ్ రయన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషికి మూడు మౌలిక అవసరాలున్నాయి: తన ఇష్టం మేరకు నడవడం, తన సామర్థ్యం తనకు అనుభవంలోకి రావడం, ఇతరులతో సంబంధం. అపరిచితుడి ప్రశ్నకు జవాబు చెప్పడంలో మూడూ ఒకేసారి తీరతాయి. ప్రశ్నను ఎంచుకునే స్వేచ్ఛ చెప్పేవాడిదే. పాతికేళ్ల అనుభవం నాలుగు వాక్యాల్లో పనికొచ్చిందని అప్పుడే తెలుస్తుంది. ఎక్కడో ఒక మనిషికి ఊరట కలుగుతుంది. వీటిలో రెండోదానికే ఎక్కువ బరువు ఇవ్వాలి. మనిషికి తెలిసిన దానిలో చాలా భాగం ఎవరూ అడగకుండానే ఉండిపోతుంది. విశ్రాంత ఉపాధ్యాయుడి వ్యాకరణం, మెకానిక్ చెవికి తెలిసిన ఇంజను శబ్దాలు, అమ్మమ్మకు తెలిసిన ఊరగాయ కొలతలు, ఇవన్నీ అడిగేవారు లేక వాడకంలో లేకుండా పోతాయి. ప్రశ్న వచ్చినప్పుడు ఆ జ్ఞానం ఉన్నట్టు మొదట దాని యజమానికే తెలుస్తుంది.

అడిగినవాడు పరాయివాడు కావడం మూడో సంగతి. జర్మన్ సమాజ శాస్త్రవేత్త గేఓర్గ్ జిమ్మెల్ 1908లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, దగ్గరివారికి చెప్పనివి జనం పరాయివాడితో పంచుకుంటారని గమనించారు. జవాబు చెప్పేవైపు నుంచి చూసినా ఇది నిజమే. తెలుగు కుటుంబంలో ఎవరు ఎవరికి సలహా చెప్పవచ్చో వరస నిర్ణయిస్తుంది. చిన్నాన్న భూమి పత్రాల గురించి మాట్లాడుతుంటే, లా చదివిన కుర్రాడు అడగనిదే నోరు విప్పడు. బావగారి వ్యాపారానికి చెప్పిన సలహా బెడిసికొడితే ఆ మాట పదేళ్లు పెళ్లిళ్లలో వినిపిస్తుంది. పరాయివాడి ప్రశ్నలో ఆ వరసలు లేవు. వయసు, కులం, హోదా చూడకుండా మాటను మాటగా తూచే అవకాశం చాలామందికి అంతర్జాలంలోనే మొదటిసారి దొరికింది. ఊళ్లో ఎవరూ చెవి ఒగ్గని యువకుడి జవాబును వందమంది బాగుందన్న సందర్భం అతనికి ఎంత విలువైనదో బయటివారు తేలిగ్గా ఊహించలేరు.

ఇతర కారణాల గురించి వాదాలున్నాయి. ఇచ్చే చర్య నుంచే ఇచ్చేవాడికి ఒక వెచ్చని తృప్తి కలుగుతుందని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990లో సూత్రీకరించారు. సమాజ శాస్త్రవేత్త పీటర్ కొల్లాక్ 1999లో అంతర్జాల సహకారానికి చూపిన కారణాల్లో భవిష్యత్తులో తనకూ ఎవరో సాయం చేస్తారన్న ఆశ, పేరు, తన చేత అయిందన్న భావం ముఖ్యమైనవి. పరిశోధకులు వాస్కో, ఫరాజ్ అమెరికా న్యాయవాద వృత్తివారి అంతర్జాల బృందం మీద 2005లో ప్రచురించిన అధ్యయనంలో పేరు ప్రతిష్ఠల ప్రభావం కనిపించింది, ప్రతిఫలంగా సాయం అందుతుందన్న ఆశ ప్రభావం మాత్రం కనిపించలేదు. సాయం తిరిగి వచ్చే దారి కూడా తిన్ననిది కాదు. ఒకప్పుడు తనకు ఎవరో చెప్పారు కనుక ఇప్పుడు తాను ఇంకెవరికో చెబుతాడు. అప్పు ఒకరి దగ్గర తీసుకుని వేరొకరికి తీర్చడం లాంటిది ఇది.

వివరించడం వల్ల వివరించేవాడికీ లాభమే. బోధించబోయేటప్పుడే తన అవగాహనలో ఉన్న ఖాళీలు తనకు కనిపిస్తాయి. కొడవటిగంటి రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేస్తూ సంగీతం మీద, విజ్ఞాన శాస్త్రం మీద తెలుగు అంతర్జాల పత్రికల్లో విస్తారంగా రాశారు. రాగాల నిర్మాణం మొదలు జీవపరిణామం దాకా, ప్రత్యేక శిక్షణ లేని పాఠకుడికి అందే తెలుగులో చెప్పే తీరు ఆయనది. పాఠకుడి సందేహాన్ని ముందే ఊహించి జవాబిచ్చే ఆ పద్ధతి మంచి ప్రశ్నోత్తరాల రచనకు నమూనాగా నిలుస్తుంది.

కృష్ణా డెల్టాలో

బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో ఈ ప్రవర్తన బాగా కనిపించేది వ్యవసాయంలో. దక్షిణాది భోజనంలో పేరున్న సాంబ మసూరి బియ్యానికి అధికారిక నామం బీపీటీ 5204. అందులోని మొదటి మూడు అక్షరాలు బాపట్లవే. 1986లో విడుదలైన ఈ రకం తినడానికి ఎంత బాగుంటుందో, బాక్టీరియా ఎండాకు తెగులుకు అంతగా లొంగుతుంది. ఆకు అంచులు ఎండుతున్న ఫొటో ఒకటి రైతుల వాట్సాప్ గ్రూపులోకి రాగానే జవాబులు మొదలవుతాయి. చెప్పేవారిలో పక్క జిల్లా రైతులు, విశ్రాంత వ్యవసాయ అధికారులు, 1945 నుంచి నడుస్తున్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివినవారు ఉంటారు. ప్రభుత్వం 2004 జనవరిలో ప్రారంభించిన కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసినా తెలుగులోనే జవాబు వస్తుంది. గ్రూపులో అదనంగా దొరికేది తోటి రైతు అనుభవం. తన చేలో ఏ దశలో వచ్చింది, నీరు తీసి కట్టాక ఏమైంది, యూరియా ఎన్నాళ్లు ఆపాడు అన్న వివరాలు అందులో ఉంటాయి. అవి ఏ పుస్తకంలోనూ నమోదు కాని జ్ఞానం. నిజాంపట్నం, రేపల్లె వైపు వనామీ రొయ్యల చెరువుల వారి మధ్య ఇటువంటి మాటామంతీ ఇంకా వేగంగా సాగుతుంది, ఎందుకంటే రొయ్యకు జబ్బు చేస్తే రోజుల్లోనే చెరువంతా పోతుంది.

నష్టపోయిన రైతు చెప్పే జవాబులకు ప్రత్యేకమైన శ్రద్ధ ఉంటుంది. తనకు జరిగినది మరొకరికి జరగకుండా చూడటంలో ఆ నష్టానికి కొంత అర్థం దొరుకుతుంది. ఇదే ధోరణి విదేశీ చదువులకు వెళ్లే విద్యార్థుల్లోనూ ఉంది. డెల్టా ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలల నుంచి అమెరికా వెళ్లినవారు, తమకు ఒకసారి వీసా తిరస్కరణ ఎదురైతే, ఆ అనుభవాన్ని కొత్తవారికి ఓపికగా వివరిస్తారు. గట్టున పడ్డవారు ఏటి లోతు చెప్పడం ఇక్కడి వాడుకే.

డబ్బు, పాయింట్లు, తప్పులు

ఇష్టంతో జరిగే పనికి ధర కడితే ఏమవుతుందన్నది పాత ప్రశ్న. బ్రిటిష్ పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్ 1970లో రక్తదానం మీద రాసిన పుస్తకంలో, డబ్బిచ్చి సేకరించే పద్ధతి దాతృత్వాన్ని దెబ్బతీస్తుందని వాదించారు. 2002లో గూగుల్ ప్రారంభించిన ఆన్సర్స్ సేవలో అడిగేవారు 2 నుంచి 200 డాలర్ల వరకు ధర పెట్టేవారు, అందులో మూడొంతుల మొత్తం జవాబిచ్చిన పరిశోధకుడికి చేరేది. జవాబుల నాణ్యతకు మంచి పేరే వచ్చినా 2006 చివరికి ఆ సేవ ఆగిపోయింది. ఉచిత వేదికలు దాన్ని దాటి పెరిగాయి. పాయింట్లు, పతకాలు మధ్యేమార్గం. వాటితో ఉత్సాహం పెరుగుతుంది కాని, చెప్పాలన్న కోరిక లెక్క పెంచుకోవాలన్న ఆత్రంగా మారే ప్రమాదమూ ఉంది. తొందరపాటు జవాబులు, ఒకే విషయాన్ని తిప్పి రాయడం, కొత్తవారి మీద విసుక్కోవడం ఆ ఆత్రం నుంచే పుడతాయి.

చెప్పడంలో ఆనందం ఉన్నచోట, తెలియకపోయినా చెప్పాలన్న ఆకర్షణ కూడా ఉంటుంది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి దగ్గరకు వెళ్తారు. ఏడాది తపస్సు చేసి రమ్మని, అప్పుడు తనకు తెలిస్తే చెబుతానని ఆయన అంటాడు. తెలిస్తేనే చెబుతానన్న ఆ షరతును వాట్సాప్ వైద్య సలహాలు పాటించవు. పసిబిడ్డ జ్వరానికి, పాముకాటుకు, గుండెనొప్పికి వచ్చే ఉత్సాహపు జవాబులు ప్రాణాల మీదకు తెస్తాయి. చేలో అవసరం లేని మందు కొట్టించి ఖర్చు పెంచే సలహాలూ ఇటువంటివే. తప్పు జవాబు కనిపిస్తే సరిదిద్దేవారు వెంటనే ముందుకొస్తారన్నది నిజం. వికీ ప్రక్రియను కనిపెట్టిన వార్డ్ కనింగ్‌హామ్ పేరుమీద ఈ పరిశీలన చలామణీలో ఉంది. సరిదిద్దాలన్న కోరిక, చెప్పాలన్న కోరిక కన్నా బలమైనది. కాకపోతే దిద్దుబాటు వచ్చేసరికి మందు కొట్టేసి ఉండవచ్చు.

చెప్పే భారాన్ని అందరూ సమానంగా పంచుకోరు. ఏ వేదికలో చూసినా అత్యధిక జవాబులు కొద్దిమందివే. వారే అలసిపోతారు. స్త్రీలకు ఇంకో ఇబ్బంది ఉంది. పేరు చూసి వ్యక్తిగత సందేశాలు పంపేవారి బెడద వల్ల కొందరు కలంపేరుతో రాస్తారు, కొందరు రాయడమే మానుకుంటారు. ప్రమదావనం లాంటి శీర్షిక నాలుగు దశాబ్దాలు నడిచిన భాషలో ఇది చిన్న నష్టం కాదు.

2022 తరువాత

అడిగినదానికి తానే జవాబు రాసే కృత్రిమ మేధ యంత్రం చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలైంది. యంత్రం రాసిన జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ డిసెంబరులోనే నిషేధించింది. ఆ తరువాత అక్కడికి వచ్చే కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. అడిగేవారికి యంత్రం వేగంగా, విసుగు లేకుండా చెబుతోంది. చెప్పేవారికి మాత్రం అడిగేవారు కరువయ్యారు. ఈ మార్పును అడిగేవారి సౌలభ్యం వైపు నుంచి చర్చించినంతగా, చెప్పేవారు కోల్పోయిన ఆనందం వైపు నుంచి ఎవరూ చర్చించలేదు.

2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో తన సమాచారాన్ని చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐకి అందించే ఒప్పందం ప్రకటించినప్పుడు, ఏళ్ల తరబడి జవాబులు రాసిన కొందరు వాటిని తుడిచేయడానికీ మార్చేయడానికీ పూనుకున్నారు. నిర్వాహకులు వాటిని పునరుద్ధరించి, అలా చేసినవారిలో కొందరి ఖాతాలను తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ జవాబులను ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్సు మొదటి నుంచీ ఉన్నదే. అవి రాసినవారు డబ్బు అడగలేదు. తాము ఒక మనిషికి చెప్పిన మాట వ్యాపార సరుకు కావడాన్నే వారు అంగీకరించలేకపోయారు. తెలుగులో అయితే ఇలా సరుకు కాగల వాడుక ప్రశ్నలూ జవాబులూ రాతరూపంలో ఉన్నవే తక్కువ. డెల్టా రైతుల జవాబుల్లో చాలా భాగం వాట్సాప్‌లో స్వర సందేశాలుగా వచ్చి, ఫోను నిండగానే చెరిగిపోతోంది. సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే మెరుగైన రూపాన్ని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తయారు చేసి 2008 నాటికే విడుదల చేసినా, దాని దిగుబడి ఎలా ఉందని గ్రూపుల్లో అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. పండించి చూసినవారు జవాబు చెబుతూనే ఉన్నారు.